పాత నాటకశాలలో వేదిక ఎందుకు సగమే కనిపిస్తుంది?

క్లుప్తంగా: 18, 19 శతాబ్దాల్లో యూరప్‌లో కట్టిన పెద్ద నాటకశాలలను వెలుతురులో జనం ఒకరినొకరు చూసుకోవడానికి వీలుగా కట్టారు. ఈనాటి ప్రేక్షకుడు అదే హాల్లో చీకట్లో, మాట్లాడకుండా, వేదిక వైపే చూస్తూ కూర్చుంటున్నాడు. పక్క సీట్ల నుంచి వేదిక సగమే కనిపించడం, మోకాళ్లకు చోటు చాలకపోవడం, పై గ్యాలరీలో పాట బాగా వినిపించడం, మరమ్మతుల మీద ఏళ్ల తరబడి వాదనలు నడవడం లాంటివన్నీ చాలావరకు ఈ తేడా నుంచే వచ్చాయి.

పేరున్న పాత నాటకశాలకు మొదటిసారి వెళ్లినవారికి ఒకే సాయంత్రంలో రెండు అనుభవాలు ఎదురవుతాయి. లోపల అడుగు పెట్టగానే పాలరాతి మెట్లు, బంగారు పూత పూసిన నగిషీలు, పైకప్పు నిండా బొమ్మలు, నడుమ వేలాడే దీపాల గుత్తి. చూపు తిప్పుకోలేరు. ఆ తర్వాత సీటు దగ్గరికి వెళితే మోకాళ్లు ముందు సీటుకు తగులుతుంటాయి. పక్క బాక్సులో, అంటే గోడ వెంట గూడులా ఉండే చిన్న గదిలో, చోటు దొరికితే ముందుకు వంగి మెడ తిప్పితే తప్ప వేదిక కనిపించదు. అప్పుడు కూడా అటు మూల ఏం జరుగుతోందో తెలియదు. ఇంత డబ్బు పోసి, ఇంత శ్రద్ధగా కట్టినవాళ్లు చూడటానికి వీలుగా ఎందుకు కట్టలేదన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

కట్టినవాళ్లకు లెక్క తెలియక కాదు. వాళ్ల లెక్క వేరు.

ఎదురుగా ఉన్నది ఎదుటి బాక్సు

ఈ నాటకశాలల్లో ఎక్కువ భాగం గుర్రపు నాడా ఆకారంలో ఉంటాయి. నాడా తెరిచి ఉన్న వైపు వేదిక, వంపు పొడవునా నాలుగైదు అంతస్తుల్లో బాక్సులు. 1737లో నేపుల్స్‌లో తెరిచిన సాన్ కార్లో, 1778లో మిలాన్‌లో తెరిచిన లా స్కాలా ఈ పద్ధతికి పేరున్న ఉదాహరణలు. వేదికకు దగ్గరగా ఉన్న పక్క బాక్సులో నిటారుగా కూర్చుంటే కళ్ల ముందు ఉండేది ఎదుటి వరసలోని బాక్సే. వేదిక వైపు చూడాలంటే మెడను దాదాపు పూర్తిగా పక్కకు తిప్పాలి.

లా స్కాలా కట్టడానికి అయిన ఖర్చును బాక్సుల యజమానులే భరించారు. బాక్సు అంటే ఒక కుటుంబం ఆస్తి. ఇంట్లో గదిని అలంకరించుకున్నట్టే దాన్నీ అలంకరించుకునేవారు. అక్కడే తినేవారు, చుట్టాలను పిలిచేవారు, పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేవారు. నాటకశాల లాబీల్లో జూదం నడిచేది, దాని ఆదాయం సంస్థకు పెద్ద అండగా ఉండేది. ఒకే ఒపెరాను (పాటలతో సాగే నాటకాన్ని) ఆ సీజన్‌లో పదే పదే వేస్తారు కాబట్టి, పేరున్న పాట వచ్చినప్పుడు వేదిక వైపు తిరిగి విని, మిగతా సమయం కబుర్లలో గడిపేవారు. ఆ మనిషికి ఎదుటి బాక్సులో ఎవరు వచ్చారో స్పష్టంగా కనిపించడమే ముఖ్యం. ఆ పనికి గుర్రపు నాడాను మించిన ఆకారం లేదు.

ఈ అవసరం ఎంత బలమైనదో న్యూయార్క్ చరిత్ర చూపిస్తుంది. అక్కడి పాత సంగీత నాటకశాలలో బాక్సులన్నీ పాతకాపు కుటుంబాల చేతిలో ఉండేవి. కొత్తగా డబ్బు సంపాదించిన కుటుంబాలకు ఎంత ఇస్తామన్నా బాక్సు దొరకలేదు. దాంతో వాళ్లంతా కలిసి 1883లో సొంతంగా మెట్రోపాలిటన్ ఒపెరా భవనం కట్టించుకున్నారు. బాక్సుల మీద పెట్టిన శ్రద్ధ వేదిక వెనక పెట్టలేదు. సెట్టింగులు దాచడానికి చోటు చాలక వీధిలో, గోడ పక్కన నిలబెట్టాల్సి వచ్చేది.

వేదిక అసలు ఎవరికీ సరిగా కనిపించేది కాదా? ఒక చోటు నుంచి కనిపించేది. ఆ కాలపు సెట్టింగులు తెరల మీద దూరం, లోతు భ్రమ కలిగేలా గీసిన బొమ్మలు. అలాంటి బొమ్మను ఒక నిర్ణీత బిందువు నుంచి చూస్తేనే స్తంభాల వరస నిటారుగా, వీధి పొడవుగా కనిపిస్తుంది. రాజు కూర్చునే నడిమి బాక్సును ఆ బిందువుగా పెట్టుకుని చిత్రకారులు గీసేవారు. ఆ బాక్సు నుంచి పక్కకు జరిగేకొద్దీ స్తంభాలు వంగిపోతాయి, వీధి చీలిపోతుంది. వేదికకు ఎంత దగ్గరగా ఉన్నారన్నదాని కంటే రాజుకు ఎంత దగ్గరగా ఉన్నారన్నదే చూపును నిర్ణయించేది. వేదిక నేల వెనక్కి వెళ్లేకొద్దీ ఎత్తు పెరగడం కూడా ఈ భ్రమ కోసమే. పారిస్‌లోని గార్నియే ఒపెరా భవనంలో వేదిక ఇప్పటికీ 5 శాతం వాలుతో ఉంది. సమతల నేల మీద సాధన చేసి వచ్చిన నర్తకులు అక్కడ అడుగు వేయడం మళ్లీ అలవాటు చేసుకోవాలి.

మెట్లకు ఎందుకంత చోటు?

1875లో తెరిచిన ఈ గార్నియే భవనంలో మెట్ల దారి, లాబీలు కలిసి భవనంలో చాలా పెద్ద భాగాన్ని తీసుకుంటాయి. ఇది కేవలం ఆడంబరం అనుకుంటే పొరపాటు. మెట్లు ఎక్కేవారిని చుట్టూ ఉన్న వసారాల నుంచి మరికొందరు చూసేలా వాస్తుశిల్పి షార్ల్ గార్నియే దాన్ని మలిచాడు. దుస్తులు, నగలు, ఎవరి చేయి పట్టుకుని ఎవరు వస్తున్నారు అన్నది సాయంత్రం మొదటి అంకం. ఈనాటి సందర్శకుడు మెట్ల మీద నిలబడి ఫొటో తీసుకుంటున్నప్పుడు ఆ మెట్లను అసలు ఉద్దేశానికి చాలా దగ్గరగానే వాడుతున్నాడు.

ఈ మెట్లు అందరివీ కావు. పై గ్యాలరీకి వెళ్లే చవక టిక్కెట్టువాళ్లకు చాలా నాటకశాలల్లో పక్క వీధి నుంచి వేరే తలుపు, వేరే ఇరుకు మెట్లు ఉండేవి. పెద్ద లాబీలోకి వాళ్లకు దారే లేదు. ఇప్పటికీ కొన్ని చోట్ల పై అంతస్తు టిక్కెట్టు కొన్నవారు ముఖద్వారం నుంచి కాక పక్క తలుపు నుంచి వెళ్లాల్సి రావడానికి కారణం ఈ పాత విభజన గోడల్లోనే ఉండిపోవడం.

దీపాలు ఆర్పిన తర్వాత

18వ శతాబ్దంలో హాల్లో కొవ్వొత్తులు, నూనె దీపాలు ప్రదర్శన పొడవునా వెలిగేవి. మధ్యలో ఆర్పి మళ్లీ వెలిగించడం తేలిక కాదు, ఆర్పాలని ఎవరూ కోరుకోలేదు కూడా. 1810ల చివర లండన్ నాటకశాలల్లోకి గ్యాస్ దీపాలు వచ్చాక ఒక చోట కవాటం తిప్పి హాలు మొత్తం వెలుతురు తగ్గించడం సాధ్యమైంది. 1881లో లండన్‌లోని సవాయ్ థియేటర్ భవనం మొత్తాన్ని విద్యుత్ దీపాలతో వెలిగించింది. అయితే సాధనం చేతికి వచ్చినంత మాత్రాన అలవాటు మారలేదు.

మార్పుకు గుర్తుగా చెప్పుకునేది 1876లో జర్మనీలోని బైరాయిట్‌లో సంగీతకర్త రిచర్డ్ వాగ్నర్ తెరిచిన నాటకశాల. అందులో పక్క బాక్సులు లేవు. సీట్లన్నీ విసనకర్రలా వేదిక వైపే తిరిగి ఒకే వాలు మీద ఉంటాయి. వాద్యబృందం వేదిక కింద, కప్పు చాటున ఉంటుంది. హాల్లో చీకటి. చూడదగింది వేదిక ఒక్కటే అన్న ఆలోచన అక్కడ భవనం రూపం తీసుకుంది.

పాత భవనాలు ఆకారం మార్చుకోలేవు. అందుకని నియమాలు మార్చుకున్నాయి. వియన్నాలో 1897 నుంచి ఒపెరా బాధ్యత చూసిన గుస్తావ్ మాలర్ ఆలస్యంగా వచ్చేవారిని మధ్యలో లోపలికి రానివ్వలేదు, డబ్బు తీసుకుని చప్పట్లు కొట్టే ముఠాలను అణచడానికి ప్రయత్నించాడు. లా స్కాలాలో వాద్యబృంద నిర్దేశకుడు టోస్కానీని హాలు దీపాలు తగ్గించాలన్నాడు, ఆడవాళ్లు టోపీలు తీయాలన్నాడు. ప్రేక్షకుల నుంచి గట్టి ప్రతిఘటన వచ్చింది, అది సహజం కూడా. ఎదుటి బాక్సును చూడటానికే బాక్సు కొన్నవారికి చీకటి అంటే కొన్న వస్తువు సగం పోయినట్టే. ఒక తరం గడిచేసరికి మాత్రం చీకటి, నిశ్శబ్దం మర్యాదగా స్థిరపడ్డాయి. నేటి ప్రేక్షకుడికి దగ్గు వస్తే కలిగే టెన్షన్ ఈ మార్పు నుంచి వచ్చిందే.

మార్పుకు ముందు హాలు ఎలా ఉండేదో కళ్లారా చూడాలంటే స్వీడన్‌లోని డ్రాట్నింగ్‌హోమ్ రాజభవన నాటకశాల ఉంది. 1766లో కట్టిన ఈ భవనం ఒక శతాబ్దానికి పైగా దాదాపు మరుగున పడి ఉండి, 1921లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. తెరలను తిప్పే చెక్క యంత్రాలు అప్పటివే. కొవ్వొత్తి వెలుగును తలపించే చిన్న దీపాలతో అక్కడ ఇప్పటికీ ప్రదర్శనలు జరుగుతాయి. ఆ మసక వెలుగులో గీసిన తెరలు నిజమైన లోతుతో కనిపిస్తాయి. బలమైన విద్యుత్ వెలుగు పడితే అవే తెరలు పెయింటింగులని వెంటనే తెలిసిపోతుంది. వెలుతురు మారితే ఏం పోతుందో ఇంత స్పష్టంగా చూపే చోటు మరొకటి దొరకడం కష్టం.

కంటికి కష్టమైన ఆకారం చెవికి ఎందుకు బాగుంది?

ఈ భవనాల్లో మైకు లేకుండా ఒక మనిషి గొంతు వేలమందికి వినిపిస్తుంది. ఇందులో గొంతు పాత్ర కొంత. ఒపెరా శిక్షణ పొందిన గాయకుల, ముఖ్యంగా మగ గాయకుల కంఠంలో సుమారు 3,000 హెర్ట్జ్ దగ్గర శక్తి పోగవుతుంది. వాద్యబృందం శక్తి ఆ పౌనఃపున్యం దగ్గర చాలా తగ్గిపోయి ఉంటుంది. వాద్యాలు వదిలిన ఖాళీలోంచి గొంతు దూసుకొస్తుంది.

మిగతాది భవనం పని. వేదిక నుంచి నేరుగా వచ్చిన శబ్దం తర్వాత గోడలకు, పైకప్పుకు తగిలిన శబ్దం చెవికి చేరుతుంది. మాట విషయంలో ఆ రెండో శబ్దం మొదటిదాని వెనక సుమారు 50 మిల్లీసెకన్లలోపు వస్తే చెవి రెండింటినీ కలిపేసుకుంటుంది, మాట బలంగా వినిపిస్తుంది. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు వెళుతుంది కాబట్టి, 50 మిల్లీసెకన్లంటే 17 మీటర్ల అదనపు ప్రయాణం. ఇరుకుగా, ఎత్తుగా ఉన్న పాత హాల్లో దగ్గరి ఉపరితలాల నుంచి చాలా శబ్దం ఈ గడువులోపే వచ్చేస్తుంది. గోడల మీద, బాక్సుల అంచుల మీద ఉన్న పూలు, లతలు, బొమ్మలు శబ్దాన్ని ఒకే దిక్కుకు కొట్టకుండా నలుదిక్కులా చెదరగొడతాయి. అలంకారానికి చెక్కిన నగిషీ చెవికీ మేలు చేసింది.

శబ్దం ఆగిన తర్వాత హాల్లో అది ఎంతసేపు మిగిలి ఉంటుందన్నది రెండో సంగతి. దీన్ని ప్రతినాద కాలం అంటారు. శబ్దం 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయాన్ని దీనికి కొలతగా తీసుకుంటారు. ఈ లెక్కను తేల్చినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్రవేత్త వాలెస్ సబైన్. మాట అర్థం కాని ఒక ఉపన్యాస గదిని బాగుచేయమని 1895లో ఆయనకు పని అప్పగించారు. దగ్గర్లోని ఒక నాటకశాల నుంచి సీటు దిండ్లు తెప్పించి, రాత్రుళ్లు నిశ్శబ్దంలో వాటి సంఖ్య పెంచుతూ తగ్గిస్తూ కొలిచాడు. గది ఘనపరిమాణం పెరిగితే ప్రతినాదం పెరుగుతుంది, శబ్దాన్ని పీల్చుకునే వస్తువులు పెరిగితే తగ్గుతుంది అని తేలింది. ఆ లెక్కతో 1900లో బాస్టన్ సింఫనీ హాలు వచ్చింది. అక్కడ నిండు సభలో ప్రతినాద కాలం సుమారు 1.9 సెకన్లు.

లా స్కాలాలోనూ గార్నియే భవనంలోనూ ఇది 1.2 సెకన్ల దరిదాపుల్లోనే ఉంటుంది. కారణాలు కళ్లెదుటే ఉన్నాయి. మఖ్మల్ తెరలు, మెత్తటి సీట్లు, కిక్కిరిసిన జనం, శబ్దాన్ని లోపలికి లాక్కునే బాక్సుల గూళ్లు. అందుకే ఇటాలియన్ హాస్య ఒపెరాల్లో గడగడా దొర్లే మాటలు అక్కడ ఒక్కొక్కటీ విడిగా వినిపిస్తాయి. అదే చోట పెద్ద సింఫనీ (వాద్యబృందం కోసం రాసిన సంగీతం) వాయిస్తే కాస్త పొడిగా, త్వరగా ఆరిపోయినట్టు అనిపిస్తుంది. అది హాలు లోపం కాదు, ఆ హాలు పుట్టింది మాట కోసం.

పై గ్యాలరీలో పాట బాగా వినిపిస్తుందని తరచూ వెళ్లేవాళ్లు చెప్పే మాటకు భౌతిక ఆధారం ఉంది. కింది వరసల్లో శబ్దం తలల మీదుగా, సీట్ల మీదుగా దాదాపు పడుకుని ప్రయాణిస్తుంది. ఆ దారిలో మంద్ర స్వరాల శక్తి కొంత హరించుకుపోతుంది. పైకి వెళ్లే శబ్దానికి అడ్డు లేదు. పైకప్పు దగ్గరగా ఉండటంతో దాని నుంచి తిరిగొచ్చే శబ్దం కూడా వెంటనే, బలంగా చేరుతుంది. అందరికంటే నష్టపోయేది బాక్సులో వెనక వరసలో కూర్చున్నవారు. గూడు నోరు చిన్నది కాబట్టి వారికి చూపూ తగ్గుతుంది, శబ్దమూ తగ్గుతుంది.

అంతస్తుల అమరికతో మరో మేలు కూడా ఉంది. సుమారు 20 మీటర్లు దాటితే నటుడి ముఖ కవళికలు సరిగా తెలియవు. జనాన్ని ఒకరి మీద ఒకరిగా పేర్చడం వల్ల ఎక్కువమంది ఆ దూరానికి దగ్గరగా ఉండగలిగారు. అంతమందినీ ఒకే వాలు మీద కూర్చోబెడితే చివరి వరస చాలా వెనక్కి పోతుంది.

మోకాళ్లు, తలుపులు, ఇనుప తెర

1870ల నుంచి 1970ల మధ్య యూరప్ మగవారి సగటు ఎత్తు దాదాపు 11 సెంటీమీటర్లు పెరిగింది. వరసల మధ్య దూరం మాత్రం గోడలతో పాటు అలాగే ఉండిపోయింది. పైగా లా స్కాలా వంటి చోట్ల కింది భాగంలో మొదట స్థిరమైన సీట్లే లేవు, నిలబడి చూసేవారు. పై గ్యాలరీల్లో వీపు ఆనించే వీలు లేని బల్లలు ఉండేవి. ఒకటిన్నర శతాబ్దం కిందటి కొలతల్లోకి నేటి సీట్లను, నేటి మనుషులను ఇరికించడమే ఈ ఇబ్బంది. విరామంలో మరుగుదొడ్ల ముందు, ముఖ్యంగా ఆడవాళ్లకు, పొడవైన వరసలు ఉండటానికీ, చక్రాల కుర్చీలో వచ్చేవారికి లిఫ్టు దారి చుట్టు తిరిగి ఉండటానికీ కారణం అదే. ఆ గోడల్లో వాటికి చోటు కేటాయించలేదు.

తలుపుల సంగతి వేరు. వాటిని మార్చింది మరణాలు. 1881 డిసెంబరులో వియన్నాలోని రింగ్ థియేటర్‌లో గ్యాస్ దీపాల వల్ల మంటలు లేచి వందల మంది చనిపోయారు. 1887లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ థియేటర్ రాయల్‌లో 186 మంది. 1903 డిసెంబరు 30న చికాగోలో ఇరోక్వాయ్ థియేటర్‌లో 600 మందికి పైగా చనిపోయారు. నిప్పు అంటదని ప్రచారం చేసుకుని తెరిచి అప్పటికి అయిదు వారాలే. చాలా తలుపులకు గడియలు వేసి ఉన్నాయి, కొన్ని లోపలికి తెరుచుకునేవి. తోసుకుంటూ వచ్చిన జనం బరువుకు అవి తెరుచుకోలేదు. బయటికి తెరుచుకునే తలుపులు, అడ్డ కడ్డీని శరీరంతో నెట్టగానే ఊడే గడియలు, వేదికకూ హాలుకూ మధ్య దిగే అగ్నినిరోధక తెర, ఇవన్నీ ఈ ప్రమాదాల తర్వాత తప్పనిసరి అయ్యాయి. కొన్ని నాటకశాలల్లో విరామంలో బరువైన తెర నెమ్మదిగా దిగి మళ్లీ లేవడం ప్రేక్షకులు చూస్తారు. అది పనిచేస్తోందని అందరి ముందు రుజువు చేయడమే ఆ తంతు.

మరమ్మతులు ఎందుకు అంత వివాదం?

సీటు వెడల్పు చేస్తే సీట్ల సంఖ్య తగ్గుతుంది, ఆదాయం తగ్గుతుంది. పక్క బాక్సులు తీసేస్తే చూపు బాగుపడుతుంది, కానీ గోడల ఆకారం మారి శబ్దం పాడవుతుంది. కాళ్ల కింద తివాచీ వేస్తే సుఖం, అది ప్రతినాదాన్ని పీల్చేస్తుంది. ఏ ఒక్కటి ముట్టుకున్నా మరొకటి కదులుతుంది. ఇదే అసలు చిక్కు. మాస్కోలోని బల్షోయ్ నాటకశాలను 2005 నుంచి 2011 దాకా మూసి బాగుచేసినప్పుడు సోవియట్ కాలంలో వాద్యబృందం కింద పోసిన కాంక్రీటు తొలగించారు, చెక్క పలకలు పాత పద్ధతిలో తిరిగి అమర్చారు, సీట్ల సంఖ్య తగ్గించారు. ఒక కాలం చేసిన మెరుగుదలను మరో కాలం డబ్బు పెట్టి తీసేయాల్సి వచ్చింది.

వెనిస్‌లోని లా ఫెనీచే 1996లో కాలిపోయినప్పుడు ఎంపిక చేసుకునే అవకాశం వచ్చింది. స్థలం ఖాళీ, కొత్తగా కట్టుకోవచ్చు. అయినా ఉన్నచోటే, ఉన్నట్టే కట్టాలన్న మాటే నెగ్గి 2003లో పాత రూపంతో తెరిచారు. 1994లో కాలిన బార్సిలోనా లిసెయు 1999లో తెరిచినప్పుడు మధ్యేమార్గం పట్టింది. హాలు పాతదానిలాగే, వేదిక వెనక యంత్రాలు పూర్తిగా కొత్తవి. సొంతదార్ల సంఘం చేతిలో ఉన్న భవనం ప్రజల ఆస్తిగా మారడం కూడా ఆ మంటల తర్వాతే జరిగింది. ప్రేక్షకుడి వైపు నుంచి చూస్తే ఈ మూడింటిలో లిసెయు దారే మెరుగనిపిస్తుంది. మార్చగలిగినది మార్చి, శబ్దం ఆధారపడిన ఆకారాన్ని అలాగే ఉంచింది.

భవనం ముట్టకుండా చేసిన ఒక మార్పు మాత్రం అన్నిచోట్లా కుదిరింది. 1983లో టొరంటోలో కెనడియన్ ఒపెరా కంపెనీ వేదిక పైన పాట అర్థాన్ని అక్షరాల్లో చూపించింది. తొలుత విమర్శలు వచ్చాయి, తర్వాత అదే రివాజైంది. అయితే ఆ అక్షరాలు పై అంతస్తుల కింద వెనక్కి కూర్చున్నవారికి కనిపించవు. అందుకే వియన్నా, మిలాన్ లాంటి చోట్ల సీటుకో చిన్న తెర పెట్టారు.

టిక్కెట్టు కొనేటప్పుడు

నాట్యం చూడటానికైతే వేదిక మొత్తం, అందులోనూ నేల మీది ఆకృతులు కనిపించాలి. మధ్యలో, ఒక అంతస్తు పైన ఉన్న చోటు దానికి తగినది. పాట వినడానికైతే పై గ్యాలరీ నడిమి భాగం చాలు. పక్క బాక్సు తీసుకుంటే ముందు వరసే తీసుకోవాలి. దాని నుంచి వాద్యబృందాన్ని, నిర్దేశకుడి ముఖాన్ని దగ్గరగా చూసే వీలు మరే సీటులోనూ దొరకదు. సగం వేదిక పోయినందుకు అది చిన్న పరిహారం కాదు. భవనాన్ని చూడాలంటే దీపాలు తగ్గకముందే, అరగంట ముందు సీట్లో ఉండాలి. హాలు తాను పుట్టిన రూపంలో ఉండేది ఆ అరగంటే.

వియన్నా స్టేట్ ఒపెరాలో ఇంకో దారి ఉంది. కింది అంతస్తు వెనక, ఒకప్పుడు చక్రవర్తికి కేటాయించిన నడిమి బాక్సుకు సరిగ్గా కింద, నిలబడి చూసేవారికి చోటు ఉంటుంది. అక్కడి టిక్కెట్టు హాల్లోకెల్లా చవకైన వాటిలో ఒకటి. ముందుగా వచ్చినవారు కడ్డీకి మెడగుడ్డ కట్టి తమ చోటు గుర్తు పెట్టుకుని బయట తిరిగి వస్తారు, దాన్ని ఎవరూ కదిలించరు. దీపాలు తగ్గాక ఆ కడ్డీ పట్టుకుని నిలబడినవారికి వేదిక నిటారుగా, నట్టనడుమ నుంచి కనిపిస్తుంది. తెరలు గీసిన చిత్రకారులు రాజు కోసం లెక్క వేసింది ఆ గీత మీదే.